పూర్తికాని ఇంటికి పూచీ ఎవరిది?

జుక్కల్ ప్రాంతంలో బీడీలు చుట్టే ముస్లిం మహిళలతో మాట్లాడినప్పుడు నేను తరచూ వినే ప్రశ్న ఒకటుంది. "వడ్డీ మాకు హరామ్. బ్యాంకు లోను తీసుకోలేం. మరి ఇల్లెట్ల కట్టుకోవాలె?"

దీనికి ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచననే విరమించుకుంది. ఆ ఖాళీలోకి 'హలాల్ లాభం' చూపేవాళ్లు వస్తున్నారు. అలాంటి పెట్టుబడుల పేరుతో డబ్బు సేకరించిన హీరా గ్రూప్ అధినేత్రిని 2018 అక్టోబరులో మోసం ఆరోపణలపై హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. పైసా పైసా కూడబెట్టి అందులో పెట్టినవాళ్లలో ఎందరో మహిళలు.

ఇది మతం విషయం, మనకెందుకని కొందరు మిత్రులంటారు. వడ్డీ అన్నా లాభం అన్నా కట్టేది ఆమె కష్టార్జితమే కదా!

అయితే వడ్డీ తీసేసినంత మాత్రాన రక్షణ దొరకదు. మలేషియాలో ఇస్లామిక్ బ్యాంకులు 1983 నుంచి ఉన్నాయి. అక్కడ కూడా బిల్డర్లు మధ్యలో వదిలేసిన ఇళ్ల బాకీ ఎవరిదన్న తగాదాలు కోర్టులకెక్కాయి. నష్టభారం మోసినవారికే లాభం చెల్లుతుందన్నది ఇస్లామిక్ న్యాయసూత్రం. ఇల్లు అమ్మి లాభం తీసుకునే సంస్థ, ఆ ఇల్లు ఆగిపోతే నష్టంలో పాలు పంచుకోనంటే ఎలా?

మన 2016 రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. గడువుకు ఇల్లివ్వకపోతే సొమ్ము వాపసు అడగవచ్చు. కానీ 500 చదరపు మీటర్లు, 8 ఇళ్లు మించని చిన్న ప్రాజెక్టులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మేస్త్రీకి గుత్తకిచ్చి కట్టించుకునే ఒంటి ఇల్లు అసలే దీని కిందికి రాదు. అక్కడ పనికొచ్చేది 2019 వినియోగదారుల చట్టం. ఆమె తానున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు.

కానీ కాగితమేదీ? గల్ఫ్ నుంచి భర్త డబ్బు పంపుతాడు, మరిది మాట ఖాయం చేస్తాడు, పని దగ్గర నిలబడేది ఆమె. రసీదులో మాత్రం ఆమె పేరుండదు. కనుక మన సంఘాలు చేయాల్సిన మొదటి పని ఒప్పందం, రసీదులు ఆమె పేరున రాయించడం. పునాది, స్లాబు, ప్లాస్టరింగ్ - ఏ దశ పని పూర్తయితే ఆ దశకే డబ్బివ్వాలని చెప్పడం. ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది రెండు: చిన్న నిర్మాణాలకూ చట్ట రక్షణ, ఇల్లు చేతికందేదాకా ఏ రుణదాతా వాయిదాలు వసూలు చేయకూడదన్న నిబంధన.