తాళం చెవి ఎక్కడుంది?

పెళ్లిళ్లలో ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే ‘సైబర్ సెక్యూరిటీ’ అంటాను. వెంటనే ‘మావాడి ఫేస్‌బుక్ హ్యాకయింది, కాస్త చూస్తారా?’ అంటారు. నేను చూసేది ఫ్యాక్టరీల్ని. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో, ఏ మోటారు ఎప్పుడు ఆపాలో చెప్పే చిన్న కంప్యూటర్లుంటాయి. వాటి జోలికి బయటివాళ్లు రాకుండా చూడటం నా పని.

ఆఫీసు కంప్యూటర్‌కి వైరస్ వస్తే ఫైళ్లు పోతాయి. ఇక్కడ తేడా వస్తే మనుషులే పోవచ్చు. అలాగని రాత్రికి రాత్రి అప్‌డేట్ పెట్టి రీస్టార్ట్ కొట్టలేం. ప్లాంటు షట్‌డౌన్‌కి వెళ్లేదాకా ఆగాల్సిందే. కొన్నిచోట్ల ఇంకా విండోస్ ఎక్స్‌పీతోనే కాపురం!

మొన్నామధ్య ఒక ప్లాంటుకి తనిఖీకెళ్లాను. సేఫ్టీ కంట్రోలర్ క్యాబినెట్ తీస్తే తాళం చెవి దానికే ఉంది. అదీ ‘ప్రోగ్రామ్’ వైపు తిప్పి. మామూలుగా ‘రన్’ వైపు ఉండాలి, చెవి తీసి దాచాలి. షిఫ్ట్ ఇన్‌చార్జి నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన.

‘‘ఏం చెయ్యమంటారండీ? చిన్న మార్పుకైనా కంట్రోల్ రూమ్ నుంచి ఇంతదూరం నడవాలి. పదేళ్లుగా ఇలాగే ఉంది. ఏమైంది?’’ అన్నారు.

2017లో సౌదీ అరేబియాలోని ఓ పెట్రోకెమికల్ ప్లాంటులో ఏమైందో చెప్పాను. అక్కడా చెవి ప్రోగ్రామ్‌లోనే వదిలేశారు. నెట్‌వర్క్‌లో దూరినవాళ్లు ‘ట్రైటాన్’ అనే మాల్‌వేర్‌ని సేఫ్టీ కంట్రోలర్లోకి ఎక్కించారు. ప్రెషర్ హద్దు దాటితే ప్లాంటును ఆపే చివరి కాపలాదారు అది. జూన్‌లో ప్లాంటులో కొంత భాగం దానంతటదే ఆగింది. యంత్రం లోపమనుకుని మళ్లీ నడిపారు. ఆగస్టులో మళ్లీ ఆగింది. అప్పుడుగానీ విషయం బయటపడలేదు. దొంగల కోడ్‌లో పొరపాటు ఉండబట్టి ఆగింది గానీ, లేకపోతే తెలిసేదే కాదు. గల్ఫ్ ప్లాంట్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘సరే, మరి మీ సాఫ్ట్‌వేర్ మొత్తం పోయిన రోజున చేత్తో నడిపేవాళ్లేరీ? మా బ్యాచ్ రిటైరైపోతోంది’’ అన్నారు.

నిజమే. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో ఆపరేటర్ల కళ్లముందే స్క్రీన్ మీద మౌసు తనంతట తాను కదిలి బ్రేకర్లు ఆపేసింది. దాదాపు 2.25 లక్షల కనెక్షన్లకి కరెంటు పోయింది. కొన్ని గంటల్లోనే తిరిగొచ్చిందంటే, సిబ్బంది సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయగలిగారు గనకే. అక్కడ నాలాంటి వాడి గొప్పేం లేదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

పెద్దాయన చెవిని ‘రన్’కి తిప్పి, తీసి, లాగ్‌బుక్‌లో టైము రాశారు. జేబులో వేసుకోబోతూ ఆగారు.

‘‘నైట్ షిఫ్ట్‌లో నేనుండను. ఎవరికివ్వమంటారు?’’

నా రిపోర్టు ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు. వెనకవైపు పెన్నుతో రాసుకున్నాను.