గుడ్డులో దాచుకున్న పేరు

కంప్యూటర్‌లో గుడ్డేమిటని నవ్వుకోకండి. ఈస్టర్ పండగకి పాశ్చాత్య దేశాల్లో రంగులేసిన గుడ్లని తోటలో పొదల చాటున దాచి పిల్లల చేత వెతికిస్తారు. అలాగే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా లోపలెక్కడో ఓ బొమ్మనో, ఆటనో, తమ పేర్లనో చెప్పాపెట్టకుండా దాచేస్తుంటారు. వాటినే ‘ఈస్టర్ ఎగ్స్’ అంటారు. కుర్రాళ్ళ చిలిపితనం అని చాలామంది కొట్టిపారేస్తారు. నాకలా అనిపించదు. ఆ పేరు ఎలా వచ్చిందో వింటే మీకూ అనిపించకపోవచ్చు.

వీడియో గేముల తొలిరోజుల్లో అమెరికాలో అటారి చాలా పెద్ద కంపెనీ. గేము తయారుచేసినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా వేసేది కాదు. పేరు బయటికొస్తే పోటీ కంపెనీలు ఎగరేసుకుపోతాయని భయం. అక్కడ వారెన్ రాబినెట్ అనే యువకుడు ‘అడ్వెంచర్’ అనే గేముని ఒంటిచేత్తో తయారుచేశాడు. కోటలు, డ్రాగన్లు, చిక్కుదారులు ఉంటాయి అందులో. నల్లకోట లోపల, వెనకున్న రంగులోనే కలిసిపోయిన ఆవగింజంత చుక్క ఒకటుంటుంది. దాన్ని ఏరుకుని సరైన చోటికి మోసుకెళ్తే గోడ దాటి ఓ రహస్య గదిలోకి పోవచ్చు. అక్కడ నిధీ లేదు, రాజకుమారీ లేదు. దీన్ని తయారుచేసింది వారెన్ రాబినెట్ అన్న అక్షరాలు రంగులు మారుతూ మెరుస్తుంటాయి, అంతే!

మొత్తం గేముకి ఉన్న జాగాయే 4,096 బైట్లు. అంత ఇరుకింట్లో తన పేరు కోసం ఓ గది కట్టుకున్నాడు. పైవాళ్ళకి చెప్పలేదు. తర్వాత ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు కూడా. 1980లో గేము ఆడిన ఓ కుర్రాడు ఆ గది కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాస్తేగానీ సంగతి బయటపడలేదు. తీసెయ్యాలంటే ఖర్చు. సరే, ఈస్టర్ గుడ్లలా పిల్లలు వెతుక్కుంటారు, ఉంచేద్దాం అన్నాడు స్టీవ్ రైట్ అనే అధికారి. అలా ఆ పేరు స్థిరపడింది.

జీతం ఇచ్చారు గదా, పేరెందుకూ అంటారా? ఓసారి ఒక పత్రికలో నా కథ పేరు లేకుండా అచ్చయింది. సవరణ వేస్తామన్నారు, వెయ్యలేదు. పారితోషికం మాత్రం ఠంచనుగా వచ్చింది. ‘డబ్బొచ్చిందిగా, ఇంకేం?’ అన్నారు ఇంట్లో. ఆ డబ్బుతో స్టీలు డబ్బాలు కొన్నాను. ఇప్పటికీ వాటిని చూస్తే పప్పు గుర్తుకురాదు, ఆ కథే గుర్తొస్తుంది.

అదే అటారిలో 1978లో కరోల్ షా అనే అమ్మాయి చేరింది. ఆడపిల్ల వచ్చింది గనక ఇక అలంకరణ సామగ్రి రంగులు, ఇంటి అలంకరణ గేములు చేయించొచ్చని కంపెనీ అధ్యక్షుడు అన్నాడట! ఆవిడే తర్వాత ఇంటర్వ్యూలో చెప్పింది. పేరూ వాటా దక్కడం లేదని అటారి నుంచి నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ కంపెనీ పెట్టారు. ఆవిడ అక్కడికి మారి, 1982లో ‘రివర్ రెయిడ్’ అనే గేము చేసింది. యుద్ధవిమానం నడిపే ఆట సుమండీ, లిప్‌స్టిక్‌ది కాదు. దాని మీద ఆవిడ పేరు దాచుకోనక్కర్లేకుండా పడింది.

ఆఫీసు లెక్కలు వేసే ఎక్సెల్‌లోనూ ఈ గుడ్లున్నాయి. 1997 నాటి దాంట్లో ఓ విమానం ఆట దాచి, అందులో తయారుచేసినవాళ్ళ పేర్లు పెట్టారు. 2002లో మైక్రోసాఫ్ట్ భద్రతే ముందు అనుకున్నాక ఇలాంటివి ఆగిపోయాయి. న్యాయమే. మన బ్యాంకు లెక్కలు చూసే ప్రోగ్రాములో మనకి తెలియని గది ఉంటే నేనూ ఒప్పుకోను. దొంగగది మూసెయ్యండి, కానీ గుమ్మం మీదన్నా పేరు రాయొచ్చు గదా!

మా ఆడపడుచు కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ‘పేర్లెందుకుండవు అత్తయ్యా? ఏ లైను ఎవరు రాశారో లోపల రికార్డుంటుంది. తప్పొస్తే క్షణంలో పట్టుకుంటారు’ అంది. బావుంది! కూరలో ఉప్పెక్కువైన రోజే ఎవరు వండారని అడిగినట్టు. పనంతా సవ్యంగా నడిచిన రోజున ఆ రికార్డు తెరిచి చూసేదెవరు?

సినిమాకి లైట్‌బాయ్ దాకా పేర్లు వేస్తారు. ప్రోగ్రాములోనూ దాని వివరాలు చెప్పే పేజీ ఒకటి ఉంటుంది, వెర్షన్ నంబరూ హక్కుల హెచ్చరికలతో. అక్కడ నాలుగు పేర్లు పడితే ఏం పోతుంది? పెళ్ళి ఫోటోలు దిద్దే ఫోటోషాప్‌నే చూడండి. అది తెరుచుకునేటప్పుడు చేసినవాళ్ళ పేర్లు వరసగా కనిపించడం ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. ఆ వరసలో సీతారామన్ నారాయణన్ అన్న మన దక్షిణాది పేరు ఎందరి కళ్ళలోనో పడింది. ఆ పేర్ల మూలాన ఏ స్టూడియోలోనూ పెళ్ళి ఆల్బమ్ ఆలస్యమైందని నేను వినలేదు.