అట్టముక్క మీద నల్ల చుక్కలు

దసరాకి విజయవాడ వెళ్లినప్పుడు బైక్ పెట్టుకోడానికి మా ఇంటి ముందున్న అట్టముక్క పక్కకి లాగాను. సీలింగ్ ఫ్యాన్ డబ్బా విప్పి పరిచిన అట్ట. నాన్న ఎలక్ట్రీషియన్ కాబట్టి మా ఇంట్లో అలాంటివి ఎప్పుడూ ఉంటాయి. కానీ దాని కింద ఇంకో అట్ట ఉంది. దాని కింద మరోటి. మూడింటి మీదా నల్లటి మరకలే. అన్నింటికంటే పైనున్నది దోసెంత ఉంది.

"ఏంటి నాన్నా ఇది?"

"ఏం లేదురా. పాత బండి కదా, కొంచెం చెమరుద్ది."

బండి అంటే మా మారుతి ఆమ్నీ, 2011 మోడల్. మీలో చాలామందికి ఆమ్నీ అంటే పాత సినిమాల్లో కిడ్నాప్ బండి. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చింది, తర్వాత ఆమ్నీ అని పేరు మారింది, 2019లో తయారీ ఆగిపోయింది. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు, అదీ ముందు సీట్ల కిందే. నాన్నకి మాత్రం అది నడిచే షాపు. వెనకాల వైరు చుట్టలు, డ్రిల్లింగ్ మిషను, పైన నిచ్చెన. అది కదిలితేనే ఆయనకి పని.

"కొంచెం చెమరుద్ది" అన్న మాట ఎంత అబద్ధమో రెండ్రోజుల తర్వాత బీరువా వెనకాల తెలిసింది. ఖాళీ ఇంజన్ ఆయిల్ డబ్బాలు. లీటరువి. పదకొండు. అంటే నాలుగు వేల పైచిలుకు రూపాయలు మా ఇంటి ముందు నేల తాగేసింది. అమ్మకి కూడా తెలీదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెబితే అమ్మేయమంటారు" అన్నాడు.

నిజమే. రెండేళ్లుగా నేను అంటున్నది అదే. వచ్చే మార్చికి 15 ఏళ్లు నిండుతాయి, ఆర్సీ రెన్యువల్ చేయించాలి, ఎందుకొచ్చిన గొడవ అని ఫోన్ చేసినప్పుడల్లా చెవిలో జోరీగలా చెప్పాను. ఆయన కారుతున్న బండిని దాచింది మెకానిక్ దగ్గర కాదు, నా దగ్గర.

వీధి చివరి మెకానిక్‌ని పిలిచాం. ఫోన్ టార్చి వేసి రెండు నిమిషాలు కిందకి చూశాడు. "ఇంజన్ పనైపోయింది. దింపి బోర్ చేయించాలి. ముప్పై అవుద్ది." ముప్పై అంటే ముప్పై వేలు. బండి అమ్మితే అరవై వస్తే గొప్ప. నాకు లోపల్లోపల హమ్మయ్య అనిపించింది, ఇక వాదన అక్కర్లేదు కదా అని. నాన్న ఏమీ అనలేదు. మెకానిక్ వెళ్లాక మాత్రం, "స్లాబు కారేది ఒకచోట, మరక కనబడేది ఇంకోచోట. పై నుంచి చూడకుండా ఎట్టా చెప్తాడు?" అన్నాడు.

ముప్పై ఏళ్లు గోడల్లో వైర్లు లాగిన మనిషి మాట అది. ఇంజన్‌లోనూ అంతే. ఆయిల్ పైన ఎక్కడో బయటికొచ్చి, గోడ పట్టుకుని జారి, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి వెళ్లి, ఆఖరికి అన్నింటికంటే కిందున్న బోల్టు మీంచి చుక్కలా పడుతుంది. చుక్క పడేచోటు చూసి రేటు చెప్పేవాళ్లని నమ్మకండి.

ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. ఇంజన్ పూర్తిగా చల్లారాక సీటు ఎత్తి, బ్యాటరీ వైరు విప్పి, డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో జిడ్డంతా వదిలించి, పొడి గుడ్డతో మెరిసేదాకా తుడిచాం. ఆరాక దాని మీద అమ్మ టాల్కం పౌడర్ చల్లాను. (అమ్మ ఇప్పటికీ క్షమించలేదు.) బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చి సీటు ఎత్తితే, తెల్లటి పౌడర్ మీద ఒక్కటే తడి గీత. పైన టాపెట్ కవర్ వెనక అంచు నుంచి మొదలై ఇంజన్, గేర్‌బాక్స్ కలిసేచోటుకి దిగుతోంది.

ఆటోనగర్‌లో టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పించాం. అక్కడి మెకానిక్ బ్రీదర్ పైపు కూడా ఊడదీసి చూపించాడు, మడ్డితో మూసుకుపోయి ఉంది. లోపలి ఆవిరి పోయే దారి అది. అది మూసుకుపోతే ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్యాకింగుల్లోంచీ సీళ్లలోంచీ ఆయిల్‌ని తోస్తుంది. శుభ్రం చేశాడు. అన్నీ కలిపి తొమ్మిది వందలు. ముప్పై వేలెక్కడ, తొమ్మిది వందలెక్కడ! నేను హీరోలా హైదరాబాద్ బస్సెక్కాను.

కథ అక్కడ అయిపోతే బాగుండేది.

రోజూ పొద్దున్నే కొత్త అట్ట ఫొటో వాట్సాప్‌లో పంపమన్నాను. దోసెంత మరక రూపాయి బిళ్లంత అయింది. అక్కడే ఆగింది, పోలేదు. మూడో వారం నాన్న ఫోన్ చేశాడు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోందట, బండి మాత్రం ముందుకి లాగట్లేదట. క్లచ్ జారుతోంది. అంటే రెండో కారు కూడా ఉంది, క్రాంక్ వెనక ఆయిల్ సీల్. అందులోంచి వచ్చిన ఆయిల్ క్లచ్ ప్లేట్‌ని తడిపేసింది.

ఆ సీలు ఖరీదు రెండొందల యాభై. అరచేతిలో పట్టే రబ్బరు రింగు. కానీ అక్కడికి చెయ్యి వెళ్లాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి, గేర్‌బాక్స్ దింపాలి, క్లచ్ తీయాలి, ఫ్లైవీల్ తీయాలి. ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగ్ కూడా. మొత్తం 8,600. మూడు రోజులు బండి లేదు, ఒక ఇంటి వైరింగ్ పని వేరేవాళ్లకి పోయింది. స్పేర్ పార్టుల షాపులో లీక్ ఆపే మందు ఒకటి చూపించారు, ఆయిల్‌లో కలిపితే చాలని. గట్టిపడిన రబ్బరు కొంచెం మెత్తబడితే మెత్తబడొచ్చు, మా సీలు అంచు మాత్రం అప్పటికే చీలిపోయింది. వద్దన్నాం.

మెకానిక్ ఒక మాట అన్నాడు. "మొదటి అట్ట వేసినప్పుడే వచ్చుంటే క్లచ్ మిగిలేది బాబాయ్." నాన్న నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే ఒక్క సంగతి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు ఆయిల్ ఎంతుందో చెప్పదు, ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి ఇంజన్ లోపల ఇనుముకి ఇనుము ఒరుసుకోవడం మొదలై ఉండొచ్చు. వెంటనే ఆపేయాలి. ఎంతుందో తెలియాలంటే చదునైన చోట ఆపి, కాసేపాగి, డిప్ స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడటమే. సీటు కింద నుంచి కాలిన ఆయిల్ వాసన వస్తే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకండి, అది వేడి సైలెన్సర్ మీద పడుతోందని అర్థం.

పాత సీలు నాన్న అడిగి తెచ్చుకున్నాడు. వంచితే వంగట్లేదు, ప్లాస్టిక్ గాజులా ఉంది. రెన్యువల్ కాగితాలు నేనే చూస్తానన్నాను. అమ్మేద్దామనే మాట ఈసారి నా నోట రాలేదు.

అట్ట ఫొటోలు ఇప్పటికీ వస్తున్నాయి, మానమన్నా మానడు. నెలన్నరగా శుభ్రంగానే ఉంది. నిన్న పొద్దున మాత్రం మధ్యలో గోధుమరంగు మరక. గుండె ఆగినంత పనై వెంటనే ఫోన్ చేశాను.

"అది టీ రా," అన్నాడు. "ఒలికింది."