ఎడారి విహారమున అన్నవిచారము

యాత్రకు బయలుదేరువాడు చూడదగిన స్థలములను గూర్చి పదిమందిని విచారించును. తినబోవు అన్నమును గూర్చి మాత్రము ఎవ్వరినీ అడుగడు. సెలవులలో మన యొంగోలునుండి రాజస్థానమునకు, అందును జైసల్మేరు ఇసుకతిన్నెలకు, పోవు కుటుంబములు ఇప్పుడు కలవు గనుక, ఈ విషయమై నా యభిప్రాయమును పాఠకులకు విన్నవింప సాహసించుచున్నాను.

మేమును అట్లే పోయితిమి. జైసల్మేరునకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, సమ్ అను చోట, ఇసుకదిబ్బల చెంత గుడారములలో బస చేసితిమి. మొదటి రాత్రి ఒక భోజనశాలవద్ద ‘దక్షిణదేశపు వంటలు’ అను పలకను జూచి పిల్లలు సంతోషముతో గంతులు వేసిరి. వచ్చినవి పులిసిన ఇడ్డెనలు, నీళ్ళవంటి సాంబారు. మా తల్లిగారు తెల్లవారువరకు కడుపునొప్పితో బాధపడిరి. తప్పు వండినవానిది కొంత, ఎడారిలో ఇడ్డెనలు గోరిన మాది కొంత. అడుగువారు తక్కువైన వంటకము నిలువయుండును, నిలువయున్నది చెడును. ఈ చిన్న లెక్క మాకు ముందే తోచకపోయెను.

మరునాడు ఒంటెను దోలు వృద్ధుని, ‘బాబాజీ, మీరెక్కడ భుజింతురు?’ అని యడిగితిమి. ఆయన ఒక పాకను జూపెను. అచ్చట పొయ్యిమీదనుండి దించిన సజ్జరొట్టెలు, కఢీ యను మజ్జిగపులుసు, కేర్ సాంగరీ కూర పెట్టిరి. సాంగరి యననేమో యెరుగుదురా? మనము దసరానాడు పూజించు జమ్మిచెట్టు కాయలే! వానలు తక్కువైన ఆ సీమలో పచ్చికూరలు అరుదు, నీరును అరుదు. కావున కాయలను ఎండబెట్టి దాచుకొందురు. శనగపిండి, మజ్జిగ, నేయి, ఎండుమిరపకాయలతో వంట సాగింతురు. గోధుమపిండి ఉండలను నిప్పులపై కాల్చి నేతిలో ముంచిన బాటీ త్వరగా చెడదు. ఆ దేశపు కరవే ఆ దేశపు వంటను నేర్పినది. మా తల్లిగారు కనిగిరి మెట్టసీమవారు. సజ్జరొట్టె తుంచి నోటబెట్టుకొని, ‘ఇది మా పుట్టినింటి రొట్టెయే గదరా!’ అనిరి.

అలవాటులేని తిండి పిల్లలకు పడునా యని తల్లులు శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. అందుకు నాకు తోచిన నియమములు మూడు. కన్నులయెదుట వండి వేడిగా వడ్డించునది తినవలెను. కాచిన నీరే త్రాగవలెను. మొదటి దినమున కొంచెముగా తినవలెను. వీనికంటె ముందుగా, అచ్చట పనిచేసి బ్రదుకువారు ఎక్కడ తినుచున్నారో అడుగవలెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, దారిపొడవున ఏ మజిలీలో అంగళ్ళు కలవో, నీటివసతి యెట్టిదో విచారించి వ్రాసిపెట్టిరి. చేతిలో యంత్రముండి వేయి హోటళ్ళ పేర్లు చూడగల మనము, నోరు తెరచి ఒక్క మనుష్యుని అడుగుటకు సిగ్గుపడుచున్నాము.

ఇందు కడుపునకు సంబంధింపని సంగతియు ఒకటి కలదు. పూర్వము మన పూటకూళ్ళ యిండ్లలోను, హోటళ్ళలోను పంక్తిభేదముండెను. కొందరికి లోపల విస్తరి, కొందరికి గడప వెలుపల ముద్ద. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున భోజనశాలలలో ఇట్టి భేదమును నిషేధించెను. చట్టము తలుపు తెరచినది. లోనికి పోయి, పరాయివాని రొట్టెను ముఖము చిట్లింపక తినుట మనము నేర్చుకొనవలసినది. ఒకని అన్నమును తినక మునుపే ఏవగించుకొనుట, ఆ మనుష్యుని ఏవగించుకొనుటకు మొదటి మెట్టు.

విద్యార్థులారా, రేపు ఆ వృద్ధుని మనుమడు మన కొత్తపట్నము సముద్రతీరమునకు విహారార్థము వచ్చి, ‘అన్నా, మీరెక్కడ తిందురు?’ అని మిమ్మడిగెననుకొనుడు. ఎవరో చల్లార్చి పెట్టిన బాటీని జూపుదురా, లేక మీ యింటికి తీసికొనిపోయి వేడియన్నమున గోంగూరపచ్చడి, నేయి కలిపి పెట్టుదురా? ఆ యుత్తరమును ఇప్పుడే ఆలోచించి యుంచుకొనుడు.