చిల్లు ఉన్నా చెల్లింది!

చేతిలో రూపాయి ఉంది, బుట్టలో నూజివీడు రసాలున్నాయి. అయినా బేరం తెగదు. ఎందుకంటారా? తిరిగివ్వడానికి చిల్లర లేదు! రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో దేశమంతటా సంతల్లో ఇదే తంటా.

1940లో ఫ్రాన్స్ ఓడిపోగానే జనం వెండి రూపాయలు దాచేయడం మొదలుపెట్టారు. ప్రభుత్వం కాగితం రూపాయి దింపింది. కొత్త నాణెంలో పన్నెండు పాళ్లకి పదకొండున్న వెండిని సగానికి తగ్గించింది. విక్టోరియా రాణి బొమ్మ రూపాయి 1941 మార్చి 31 తర్వాత చెలామణీలో చెల్లదంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఇక కాగితాన్ని నమ్మేదెవరు? రాగి ధర పెరిగేసరికి చిల్లర డబ్బులూ పెట్టెల్లోకి వెళ్లాయి.

రూపాయి దాచుకున్నవాడు కలవాడు. నష్టపోయింది కాణీతో కూర కొనుక్కునేవాడు.

అప్పుడొచ్చింది 1943లో చిల్లు కాణీ. విలువ అణాలో నాలుగోవంతు. లోహం ఆదా కోసం మధ్యలో పెద్ద చిల్లు. రాజుగారి తల లేదు, కిరీటం ఒక్కటే! దాచుకునేంత లోహం లేదు కనుకే అది చేతులు మారింది, పేదవాడి బేరం సాగింది. 1947 దాకా కోట్లలో ముద్రించారు.

అందుకే పాత భోషాణంలో అది దొరికితే సంతోషించండి, తోమకుండా దాచుకోండి. లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టమంటే మాత్రం నమ్మకండి. పాత నాణేల వ్యాపారం తమకు లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది. చిల్లు కాణీ కోసం ఆశపడితే చివరికి మిగిలేది చిల్లిగవ్వ కూడా ఉండదు!