ఆకాశం మీది నీళ్లు

ఇక్కడ ఖతార్‌లో, ఏషియన్ టౌన్‌లో ఈ మధ్య జరిగిన ఒక తెలుగు సభ ప్రత్యేక సంచికకు, మన పత్రికలో రాసే ఒక యువకుడు ఆదికాండం మొదటి అధ్యాయం మీద వ్యాసం పంపాడు. విశ్వాసులు నొచ్చుకుంటారని నిర్వాహకులు తిప్పిపంపారు. భూమి శూన్యంలో వేలాడుతోందని యోబు గ్రంథం సైన్సుకన్నా ముందే చెప్పిందన్న వ్యాసం మాత్రం అందులో దర్జాగా అచ్చయింది.

యోబు 26వ అధ్యాయంలో ఏడో వచనం పట్టుకున్నవారు పదకొండో వచనం దాకా ఎందుకు రాలేదు? అక్కడ ఆకాశానికి స్తంభాలున్నాయి. 37వ అధ్యాయంలో ఆకాశం పోతపోసిన అద్దమంత గట్టిది. ఆదికాండంలో దానిమీద నీళ్లున్నాయి. జలప్రళయంనాడు తూములు తెరుచుకుంటేనే అవి కిందికి దిగాయి. ఆనాటి పశ్చిమాసియాకు తెలిసిన లోకం అదే. బబులోను సృష్టికావ్యం ఎనూమా ఎలిష్‌లో మర్దూకు దేవుడు, సముద్రదేవత తియామతును చీల్చి, ఒక సగాన్ని ఆకాశంగా కప్పి, పైనీళ్లు జారకుండా కాపలా పెడతాడు. నీనెవె శిథిలాల్లో దొరికిన ఆ పలకల కథను అసీరియా పండితుడు జార్జ్ స్మిత్ 1876లోనే అచ్చువేశాడు.

ఆ కావ్యం మంచినీటి అప్సు, ఉప్పునీటి తియామతు కలగలిసిన చోట మొదలవుతుంది. ఖతార్‌లో బతికే మనకిది పరాయి ఊహ కాదు. పక్కనే బహ్రెయిన్ తీరంలో సముద్రం అడుగునుంచి మంచినీటి ఊటలు ఉబికేవి. తోలుతిత్తులతో మునిగి, ఉప్పునీటి కిందనుంచి తాగేనీళ్లు నింపుకొచ్చేవారు. ఇలాంటి నేలమీద భూమి కింద మహాజలం ఉందనుకోవడం అజ్ఞానమా?

అందరికీ తెలిసిన ఆ లోకంలోనే ఆదికాండకర్తలు ఎవరూ అననిమాట అన్నారు. బబులోనులో సూర్యుడు షమాషు, చంద్రుడు సిను, ఇద్దరూ దేవుళ్లే. ఆదికాండంలో వాళ్లు నాలుగోరోజున అమర్చిన రెండు దీపాలు. సముద్రంతో యుద్ధమే లేదు. ఒక్కమాటకు నీళ్లు విడిపోతాయి. చాలామంది పండితులు చెప్పినట్టు ఈ అధ్యాయం క్రీ.పూ. 586లో యెరూషలేము కూలాక, చెరలో ఉన్నవారు రాసిందైతే, తమను చెరపట్టినవారి దేవుళ్లను దీపాలనడానికి ఎంత గుండె కావాలి! యోబులో గురుత్వాకర్షణ వెతికేవారు పోగొట్టేది ఈ తెగువనే. ఖగోళశాస్త్రం నేర్వాలంటే వేరేచోటికి వెళ్లండని 1554లో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ తన ఆదికాండ వ్యాఖ్యానంలోనే చెప్పాడు. ఆయన విశ్వాసం తక్కువదా? మన దగ్గరా అంతే: గంగన తెనిగించిన భాగవత పంచమస్కంధంలో చెరకురసపు సముద్రం ఉంది. దాన్ని అట్లాసులో వెతకం, భాగవతాన్ని అవతలా పెట్టం.

శుక్రవారం పొద్దున మెసాయిమీర్ చర్చిలో ఆరాధన ముగించుకుని, సాయంత్రం గ్రాండ్ మాల్ ముందు కూర్చుని ఇంటికి వీడియోకాల్ చేసుకునే మన కార్మికుడు ఇవన్నీ చదివి అర్థం చేసుకోగలడు. తన తరఫున నొచ్చుకునే అధికారం అతనెవరికీ ఇవ్వలేదు. తిప్పిపంపిన ఆ యువకుడి వ్యాసం పూర్తిగా మన పత్రిక ఈ సంచికలో వేస్తున్నాం. జవాబు రాసేవారికీ అన్ని పేజీలే ఇస్తాం.