తల ఒక్కటి మార్చితే చాలదు

సివిల్ వాళ్ల మోడళ్లలో నిలబెట్టే మనుషుల్ని ఎప్పుడైనా దగ్గరికి పోయి చూసినారా? బిల్డింగ్ చూస్తాం, స్పాంజి చెట్లు చూస్తాం, లోపల వెలిగే ఎల్‌ఈడీలు చూస్తాం. మనుషుల్ని ఎవరూ చూడరు. ప్యాకెట్లో వచ్చే ఆ ప్లాస్టిక్ బొమ్మలు దాదాపు అందరూ తెల్లోళ్లే. ప్యాంటు, కోటు, చేతిలో బ్రీఫ్‌కేసు. ఆడవాళ్లకు మోకాళ్ల దాకా గౌను. ఒకటి ఇంటికి తీసుకపోతే మా అవ్వ అరచేతిలో పెట్టుకుని చూసి, "యారప్పా ఈయప్ప, కలెక్టరా?" అనింది.

మాది కోసిగి. ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ మధ్య స్టేషన్. మా ప్లాట్‌ఫారం మీద బ్రీఫ్‌కేసు పట్టుకున్న మనిషిని నేనైతే చూడలేదు. సుగ్గికి పోయేటోళ్లని చూసినా. పంటలు పోయిన ఏడు గుంటూరు దిక్కు మిరప కోతకు, బెంగళూరుకు బిల్డింగ్ పనులకు ఇంటిల్లిపాదీ పోతారు. యూరియా సంచుల్లో బియ్యం, గిన్నెలు, దుప్పట్లు. పెద్దాయనకు తలకు రుమాలు, ఆయమ్మకు చంకలో బిడ్డ. బెంచీ ఖాళీగా ఉన్నా కింద సంచుల పక్కనే కూర్చుంటారు, ఎందుకంటే సంచి పోతే సంసారం పోయినట్లే.

అందుకే నేను బొమ్మల తలలు కోస్తుంటా. హాస్టల్లో దీన్ని పిచ్చి అంటారు గానీ, బయట ఇది పెద్ద హాబీ. 1983లో ఇంగ్లండులో మొదలైన వార్‌హామర్ ఆట ఆడేవాళ్లు ఒక బొమ్మ తల ఇంకో బొమ్మకు పెట్టి తమ సైన్యాన్ని తమకు నచ్చినట్లు చేసుకుంటారు. దాన్ని కన్వర్షన్ అంటారు. కొన్ని కిట్లలో అదనపు తలలు కూడా ఇస్తారు. ఆ కిట్ల ధరలు మనకు అందవు. మన దగ్గర ఉరుకుంద ఈరన్న స్వామి శ్రావణమాసం ఉత్సవాల్లో, ఎమ్మిగనూరు జాతరలో పచ్చ సైనికుల ప్యాకెట్లు దొరుకుతాయి. వాటితోనే చేయి తిరగాలి.

ఇక్కడ మెటీరియల్స్ క్లాసు పనికొస్తుంది. గట్టి బొమ్మ పాలిస్టైరీన్. ప్లాస్టిక్ సిమెంటు దాని పైపొరను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. వంగే మెత్తటి సైనికుడు పాలిథీన్. దానికి ఫెవిక్విక్ కూడా సరిగా అంటదు, రంగూ నిలవదు. కాబట్టి మెడలో సన్న రంధ్రం చేసి, కరెంటు వైరులోని ఒక రాగి పోగు గుచ్చి, దాని మీద తల నిలబెట్టాలి. రుమాలుకు ఎంసీల్. ఆవగింజంత తీసుకుని, వేళ్లు తడి చేసుకుని, దారంలా నలిపి చుట్టాలి. 1:50 స్కేలులో మనిషి తల నాలుగున్నర మిల్లీమీటర్లుంటుంది, అంటే సుమారు ఒక జొన్నగింజ. 1:100లో అందులో సగం. ఆ సైజులో ముక్కూ కళ్లూ ఎవరూ అడగరు. రుమాలు కనబడితే చాలు, కొంగు కనబడితే చాలు.

"ఇంత కష్టం ఎందుకు, ల్యాబులో ప్రింట్ కొట్టు" అనే త్రీడీ వాళ్లకు ఒక మాట. మన ల్యాబులో ఉన్నది ఫిలమెంట్ మెషీను, నాజిల్ 0.4 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల తలకు అది రుమాలు చుట్టలేదు. రెజిన్ ప్రింటర్ అయితే చుడుతుంది. కానీ నెట్లో వెతికితే ముందు దొరికే ఫైళ్లలోనూ ఆ కోటు మనిషే ఉంటాడు. మెషీను మారింది గానీ మనిషి మారలేదు.

అయితే నా అసలు పేచీ తలతో కాదు. బేతాళుడి కథ గుర్తుందా? దేవత వరమిస్తే ఒకామె తొందరలో ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికిస్తుంది. భర్త ఎవరు అని బేతాళుడు అడుగుతాడు. తల ఎవరిదో మనిషి వాడే, అన్ని అంగాలకూ తలే ముఖ్యం అని విక్రమార్కుడి జవాబు. ఈ కథనే థామస్ మన్ 1940లో చిన్న నవలగా రాసినాడు, గిరీశ్ కర్నాడ్ కన్నడంలో 'హయవదన' నాటకం చేసినాడు. కర్నాడ్ నాటకంలో మారిన శరీరాలు కూడా నెమ్మదిగా తల చెప్పినట్లు మారిపోతాయి.

ప్లాస్టిక్ శరీరం మారదు. బ్రీఫ్‌కేసు బొమ్మకు రుమాలు తల పెట్టి చూడండి. సినిమాలో వేషం మార్చిన హీరోలా ఉంటాడు. నిటారు నడుము, చాచిన అడుగు, ఎవరో తనకోసం కారు తెచ్చి పెట్టినట్లు నిలబడే తీరు, అంతా అలాగే ఉంటుంది. విక్రమార్కుడి లెక్క ఇక్కడ తప్పు. మోకాళ్లు కోసి మడిచి, మనిషిని గొంతుక్కూర్చోబెట్టి, పక్కన సంచి పెట్టినప్పుడు గానీ వాడు మా ఊరోడు కాడు.

"అవి స్కేలు తెలియడానికేరా, అంతే" అంటాడు నా రూమ్మేటు. సరే, స్కేలు సంగతే మాట్లాడదాం. కోటు మనిషిని పెట్టుకుని కొలిస్తే వెయిటింగ్ హాలులో నాలుగు వరసల బెంచీలు చక్కగా సరిపోతాయి. అదే హాలులో నేను చేసిన రెండు కుటుంబాల్ని సంచులతో సహా కింద కూర్చోబెట్టినా. తలుపు దాకా దారి మూసుకపోయింది. కుళాయి ఎక్కడుండాలి, నీడ ఏ వేళకు ఏ గోడ పక్క పడుతుంది, బిడ్డను ఎక్కడ పండబెడతారు అనే ప్రశ్నలు అప్పుడు వచ్చినాయి. డ్రాయింగులో ఏ తప్పూ లేదు. బొమ్మలు చెప్పేదాకా ఆ ప్రశ్నలు ఎవరికీ తట్టలేదు, అంతే.

ఇప్పటికి పదకొండు మంది తయారైనారు. ఫైనలియర్ వాళ్లకు మోడల్ కోసం కావాలంటే అరువిస్తా, తిరిగి లెక్కపెట్టి తీసుకుంటా. చంకలో బిడ్డతో నిలబడిన అమ్మ ఇంకా మిగిలింది. ఆమెకు నడుము ఒక పక్కకు ఒరగాలి, ప్యాకెట్లో ఆ ఒరుగు ఉన్న శరీరం ఒక్కటీ లేదు. రెండు బొమ్మల నడుములు కోసి అతకాలేమో. పిన్ డ్రిల్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం తెచ్చివ్వండి.